తేదీకి పూచీ పడిన రోజులు

కంప్యూటర్ తెరవగానే "చరిత్రలో ఈ రోజు" అంటూ నాలుగు వరుసలు చూపించే ప్రోగ్రామ్ రాయడం ఒకప్పుడు సరదా కొద్దీ కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళకు చాలా ఇష్టమైన పని. అదేమంత కష్టమైనదీ కాదు. యంత్రాన్ని ఈ రోజు తేదీ అడగాలి, జాబితాలో ఆ తేదీతో మొదలయ్యే వరుసలు వెతకాలి, దొరికినవి తెర మీద చూపాలి. ఏ కంప్యూటర్ భాషలో రాసినా పది ఇరవై వరుసలు దాటదు, ఒక్క పూటలో తేలిపోతుంది. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. ఫిబ్రవరి 29తో కలిపి 366 రోజులకు సరిపడా సంగతులు కావాలి. వాటిని ఎక్కడినుంచో తేవాలి, నిజమో కాదో చూసుకోవాలి, ఒక్క వరుసలో ఇమిడేలా రాయాలి. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో ఒక్కరే కూర్చుని తేల్చుకోవాలి. ఆ జాబితాను ఎవరికి వారు కూర్చుకున్న కాలంలో ప్రతి తేదీ వెనకా దానికి పూచీ పడే మనిషి ఉండేవాడు. ఇప్పుడు తేదీలకు కొదవలేదు, పూచీ పడేవాళ్ళే కనబడరు. అలవాటుగా సాగిన ఆ పూచీ పోవడం మన చరిత్ర జ్ఞానానికి పెద్ద నష్టమని నా వాదన.

ఈ తరహా ప్రోగ్రామ్‌లకు ఆద్యం యూనిక్స్‌లోని 'క్యాలెండర్' అనే చిన్న ఆదేశం. 1979 నాటి ఏడవ యూనిక్స్ వెర్షన్‌లో అది ఉంది. చరిత్ర చెప్పడం దాని ఉద్దేశం కాదు. మనం చేయాల్సిన పనులను తేదీలు వేసి ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే, ఈ రోజువీ రేపటివీ వెతికి చూపించేది. వారాంతం అడ్డొస్తే 'రేపు' అన్నది సోమవారం దాకా సాగేది. ఆఫీసు మనిషి కోసం పుట్టిన సాధనమని దీన్నిబట్టే తెలుస్తుంది. తర్వాత బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బీఎస్‌డీ యూనిక్స్‌లో దానికి చరిత్ర, పుట్టినరోజులు, సంగీతం, కంప్యూటర్ రంగం అంటూ విడివిడి ఫైళ్ళు చేరాయి. టోల్కీన్ నవలా ప్రపంచంలోని సంఘటనలకు కూడా ఒక ఫైలు ఉండేది. పనితీరు దాదాపు అలాగే ఉంది, జాబితా మాత్రం పెరిగింది. ఆ జాబితాను పెంచినవాళ్ళ ఊరు, వయసు, ఇష్టాలు అందులో తెలిసిపోయేవి. అమెరికా యుద్ధాలు, అమెరికా అధ్యక్షులు, రాక్ గాయకుల చావుపుట్టుకలు. హైదరాబాదులో ఎవరైనా ఆ ఫైలు తెరిస్తే తన ఊరికి సంబంధించింది ఏమీ కనిపించదు. అందుకు వాళ్ళను తప్పుపట్టాల్సిన పనిలేదు. తమకు తెలిసింది తాము రాసుకున్నారు, మనకు తెలిసింది మనం రాసుకోవాలి. చేతితో కూర్చిన జాబితాలోని నిజాయితీ అదే.

మన దగ్గర చాలామందికి మొదట అందింది యూనిక్స్ కాదు, డాస్. తొలినాటి ఐబీఎం పీసీలోనూ, ఎక్స్‌టీలోనూ కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. అందుకని యంత్రం లేవగానే తేదీ ఎంతో చెప్పమని మనిషినే అడిగేది. జవాబివ్వకుండా ఎంటర్ కొడితే ఆ రోజు 1980 జనవరి 1 అనే అనుకునేది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీతో బ్యాటరీ గడియారం చేరాక ఆ ప్రశ్నతో పని తప్పింది. జీడబ్ల్యూ బేసిక్‌ భాషలో తేదీ అడిగితే నెల ముందు, రోజు తర్వాత అమెరికా వరసలో వచ్చేది. మనం రోజు ముందు రాస్తాం. ఆ తేడా గమనించకుండా 06-02 అని రాస్తే ఫిబ్రవరి ఆరున రావాల్సిన సంగతి జూన్ రెండున తెర మీదికొస్తుంది. ఇలాంటి తప్పు యంత్రానికి ఎప్పటికీ తెలియదు. జాబితా రాసిన మనిషే పట్టుకోవాలి, పట్టుకున్నాక మిగిలిన 365 రోజులనూ మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

తెలుగు అక్షరాల గొడవ ఇంతకన్నా పెద్దది. డాస్ తెర మీద తెలుగు కావాలంటే సీడ్యాక్ వారి జిస్ట్ కార్డు లాంటిది ఉండాలి. అది లేనివాళ్ళు ఇంగ్లీషు లిపిలోనే సరిపెట్టుకున్నారు. విండోస్ వచ్చాక డీటీపీ ఫాంట్లు వచ్చాయి గానీ ఏ ఫాంటు సంకేతాలు దానివే. ఒక ఫాంటులో కొట్టిన వాక్యం ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని అక్షరాల గుంపు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. కానీ సామాన్యుడి కంప్యూటరులో అది కనబడటం మొదలైంది 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకనే. ఆ పదేళ్ళలో తెలుగులో కూర్చిన జాబితాలు వాటిని కూర్చిన ఫాంటుతోపాటే చెల్లిపోయాయి. ఫ్లాపీ పాడవకపోయినా అందులోని తెలుగు చదవలేని గీతలుగా మిగిలింది. ఒక తరం సరదా శ్రమ ఎక్కడా మిగలకపోవడానికి సోమరితనం కన్నా ఇదే ఎక్కువ కారణమని నా నమ్మకం.

హైదరాబాదులోని నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేర్లు ఇక్కడ ఊరికే ఎత్తడం లేదు. ఇలాంటి జాబితాకు కావలసిన సరుకంతా ఈ పేటల్లో నడిచిపోయేంత దూరంలోనే ఉండేది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, అక్కడికి దగ్గర్లోనే త్యాగరాయ గానసభ, నారాయణగూడలో 1928 నుంచి తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పిన మాడపాటి హనుమంతరావు పాఠశాల, 1940లో మొదలైన కేశవ్ మెమోరియల్ పాఠశాల. ఆజామాబాద్ వైపు వెళితే ముద్రణాలయాలు. నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ శిక్షణ కోసం లెక్కల్లో ఆరితేరిన పిల్లలు ఊళ్ళనుంచి వచ్చిపడేవారు. పత్రికలు, పంచాంగాలు, పాత పుస్తకాలు, లెక్క వచ్చిన బుర్రలు, అద్దెకు దొరికే కంప్యూటర్లు అన్నీ ఒకేచోట. అయినా ఇక్కడ కూర్చుని తేదీలు పోగుచేయడం బర్కిలీలో చేసినంత తేలిక కాదు. ఎందుకంటే ఈ ఊరు ఒకే క్యాలెండర్ మీద నడవలేదు.

నిజాం ప్రభుత్వ కాగితాల్లో ఫసలీ సంవత్సరం. ఆజుర్‌తో మొదలై ఆబాన్‌తో ముగిసే పన్నెండు పారశీక నెలలు, అక్టోబరులో కొత్త ఏడు. దాన్ని క్రీస్తుశకంలోకి తేవాలంటే నెలను బట్టి 590 గానీ 591 గానీ కలపాలి. మసీదులు, దర్గాల లెక్క హిజ్రీది. నగర స్థాపనను ముడిపెట్టే వెయ్యవ హిజ్రీ సంవత్సరపు మొహర్రం ఒకటో తేదీ పాత జూలియన్ లెక్కలో 1591 అక్టోబరు 9, ఇప్పటి గ్రెగోరియన్ లెక్కలో అక్టోబరు 19. ప్రోగ్రామ్ రాసేవాడు వీటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఇళ్ళలో తిథి. త్యాగరాజు కన్నుమూసింది 1847 జనవరి 6న. జాబితాలో ఆ వరుస జనవరి 6 కిందే ఉంటుంది. గానసభలోనైనా తిరువయ్యారులోనైనా పంచరత్న కీర్తనలు పాడేది మాత్రం పుష్య బహుళ పంచమి నాడు, ఆ తిథి వచ్చే తేదీ ఏటా మారుతూ ఉంటుంది. ప్రోగ్రామ్‌లోని 'ఈ రోజు' ఒకటి, వీధిలోని 'ఈ రోజు' మరొకటి. ఈ రెంటి మధ్య పొంతన కుదర్చడానికి మొదటిసారి ప్రయత్నించినవాడికి బడి పాఠంలో దొరకని సంగతి ఒకటి అర్థమవుతుంది. తేదీ అన్నది జరిగినదానికి దానంతట అది అంటుకుని ఉండదు, ఎవరో ఒకరు ఏదో ఒక లెక్కతో దానికి వేస్తారు. అలా వేసినవాళ్ళు ఎవరని అడగడంతోనే చరిత్ర చదవడం మొదలవుతుంది.

తేదీలు కంఠస్థం చేయడం చరిత్ర కాదనీ, కారణాలూ పర్యవసానాలూ తెలియడమే చరిత్ర అనీ చదువుకున్నవాళ్ళు తరచూ అంటారు. ఈ ఆక్షేపణకు బలమున్న మాట నిజం. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలకుండా కారణం గురించి మాట్లాడటం ఎలా? మన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతి చూడండి. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ రాశారు. ఆ రోజున వేడుకలు జరిగాయి, పత్రికలు ప్రత్యేక వ్యాసాలు వేశాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ నాటి పత్రికలు, సెన్సారు వివరాలు వెతికి సినిమాకు సెన్సారు అయింది 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమా థియేటరులో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అనీ నిరూపించారు. దాదాపు అయిదు నెలల తేడాకు ఇంత హడావుడి ఎందుకని కొట్టిపారేయడానికి లేదు. తమిళ, తెలుగు మాటలు కలిసిన 'కాళిదాస్' విడుదలైంది 1931 అక్టోబరు 31న. పాత తేదీ నమ్మితే ప్రహ్లాద ముందు, కాళిదాస్ వెనక. సరైన తేదీతో వరస తలకిందులవుతుంది. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డే. కలగలుపు భాషల సినిమా తీశాక అచ్చంగా తెలుగు సినిమా తీశాడన్న క్రమం అప్పుడుగానీ కనబడదు. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళ ముందు బారులు తీరిన జనం చరిత్ర ఏ చివరనుంచి మొదలైందో చెప్పడానికి ఆ ఒక్క తేదీ అవసరమైంది. ఒక మనిషి దానికి పూచీ పడితే తప్ప అది తేలలేదు.

సరదాగా రాసుకున్న జాబితాల్లో తప్పులు కుప్పలుతెప్పలుగా ఉండేవి కదా, ఒకరి తప్పును ఇంకొకరు ఎత్తి రాసుకునేవారు కదా అన్నది రెండో ఆక్షేపణ. ఒప్పుకుంటాను. ముఖ్యంగా పుట్టినరోజుల విషయంలో. మన పెద్దల తరంలో సర్టిఫికెట్ మీది పుట్టినతేదీ చాలామందికి బడిలో చేర్పించిన పంతులు వేసిందే. జూన్, జూలై నెలల్లో అన్ని పుట్టినరోజులు గుమిగూడటానికి కారణం అదే. జాతకంలో తిథి ఒకటి, సర్టిఫికెట్‌లో తేదీ ఒకటి, అభిమానులు వేడుక చేసే రోజు ఇంకొకటి. వీటిలో ఏది పెట్టాలో తెలియక ఏదో ఒకటి పెట్టినవాళ్ళు లేకపోలేదు. కానీ తప్పు ఉండటం వేరు, తప్పును దిద్దే దారి ఉండటం వేరు. ఫలానావాడు కూర్చిన జాబితా అని తెలిసినప్పుడు, ఇది నీకు ఎక్కడ దొరికిందని నేరుగా అడగవచ్చు. అడిగితే అతను వెతకాల్సి వస్తుంది. వెతికి దిద్దితే ఆ ఫైలు తర్వాతి కాపీ బాగుపడుతుంది. ఫ్లాపీ మీద చేతులు మారిన జాబితాలకు ఉన్న ఈ గుణం, రోజూ ఫోనుకు వచ్చిపడే సందేశానికి లేదు.

ఈ గుణాన్ని వదలకుండా పెద్దఎత్తున సాగించింది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో అది మొదలవడానికి వెన్న నాగార్జున చొరవ కారణం. పత్రికల సొంత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' పరికరాన్ని రాసిందీ ఆయనే. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడంలో ఒక ఔచిత్యం ఉంది. చదవలేని గీతలుగా మిగిలిన తెలుగును మళ్ళీ తెలుగు చేయడం ఒకటి, ఆ తెలుగును నలుగురూ దిద్దగలిగే చోట పెట్టడం ఇంకొకటి. అక్కడ సంవత్సరంలోని ప్రతి తేదీకి ఒక పుట ఏర్పడింది. సంఘటనలు, జననాలు, మరణాలు, పండుగలు అంటూ విభాగాలు. మొదటి పుటలో 'చరిత్రలో ఈ రోజు' అన్న శీర్షిక. జీతం లేదు, బహుమతి లేదు. హైదరాబాదులోనూ, పల్లెల్లోనూ, విదేశాల్లోనూ ఉన్న తెలుగువాళ్ళు ఉద్యోగాలు ముగించుకుని రాత్రిళ్ళు కూర్చుని ఒక్కో వరుస చేర్చారు. ఇంగ్లీషు పుట నుంచి దింపుకున్నవి చాలా ఉన్నాయి, నిజమే. కానీ పక్కనే ఏ ఇంగ్లీషు జాబితాలోనూ లేని తెలుగు రచయితలు, నాటక కళాకారులు, ఊళ్ళ సంగతులు చేరాయి. ఎవరు ఎప్పుడు ఏ వరుస మార్చారో ఆ పుట మార్పుల చరిత్రలో కనబడుతుంది. జీడబ్ల్యూ బేసిక్ కాలపు ఒంటరి జాబితా నుంచి నేరుగా వచ్చిన వారసత్వం ఇది. కనుక పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ చెడ్డవి అని నేననడం లేదు. కంప్యూటర్లు మారినా పూచీ కొంతకాలం చెక్కుచెదరకుండా నిలిచింది. తెగిపోయింది ఆ తర్వాత.

ఎక్కడ తెగిందో అశోక్‌నగర్‌లో స్పష్టంగా కనబడుతుంది. పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, అద్దె రీడింగ్ రూములతో ఆ పేట రూపురేఖలే మారిపోయాయి. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే చోటు దొరకదు. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు తెలిసినన్ని తేదీలు పాత సరదా ప్రోగ్రామర్లలో ఎవరికీ తెలియవు, మరి ఆ విద్య పోయిందని ఎలా అంటారని ఎవరైనా అడగవచ్చు. వాళ్ళ కష్టం మీద నాకు గౌరవం ఉంది. ఇంటిదగ్గర అప్పు చేసి పంపిన డబ్బుతో, పగలూ రాత్రీ చదివే పిల్లలను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ వాళ్ళ చేతికొచ్చే బిట్ బ్యాంకులో తేదీ ఇప్పటికే తేలిపోయి ఉంటుంది. 'కీ'లో ఏముంటే అదే నిజం. తేదీని ప్రశ్నిస్తే మార్కు పోతుంది. ప్రోగ్రామ్ రాసేవాడికి అనుమానం పనిలో భాగం, పరీక్ష రాసేవాడికి అదే అనుమానం నష్టం. అదే పుస్తకాలు, అదే బల్ల, అదే గ్రంథాలయం. తేదీతో మనిషికున్న సంబంధం మాత్రం మారింది. ఇక పరీక్షతో పనిలేనివాళ్ళకు వాట్సాప్ ఉంది. పొద్దున లేవగానే పువ్వుల బొమ్మ మీద ఆ రోజు విశేషాలు వస్తాయి, కింద ఎవరి పేరూ ఉండదు, ఎక్కడిదో తెలియదు. 'భక్త ప్రహ్లాద' పాత తేదీ ఏటా సెప్టెంబరులో ఇలాగే తిరిగి లేస్తుంది. పంపినవారిని అడిగితే తమకూ ఎవరో పంపారంటారు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. కంప్యూటరు దగ్గర కూర్చునే వీలున్నవాళ్ళు ఆనాడు ఎంతమంది? నగరంలో, చదువుకున్న ఇళ్ళలో, ఎక్కువగా మగవాళ్ళు. వాళ్ళు కూర్చిన జాబితా వాళ్ళ ప్రపంచం చుట్టూనే తిరిగి ఉండదా? ఈ మాటకు ఎదురు చెప్పలేను, చెప్పాలనీ లేదు. గోండుల నాయకుడు కొమరం భీమ్ సంగతే తీసుకుందాం. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగాడు. ఒక్కో పుస్తకంలో ఒక్కో ఇంగ్లీషు తేదీ కనబడుతుంది. గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో ఆయనను తలుచుకుంటారు. వాళ్ళకు ఏ గందరగోళమూ లేదు. తేదీని బట్టి వెతికే ప్రోగ్రామ్‌లో ఆయనకు నిలకడైన చోటే లేదు, చంద్రుణ్ణి బట్టి నడిచే జ్ఞాపకంలో మాత్రం ఉంది. ఈ లోటు పాత జాబితాలది. కానీ దీన్ని గమనించగలిగేది కూడా జాబితా రాయడానికి కూర్చున్నవాళ్ళే. అక్టోబరులో ఏ గడిలో భీమ్ పేరు రాయాలో తెలియక చెయ్యి ఆగిపోయినవాడికి, ఈ చట్రంలోనే ఏదో తక్కువైందని అర్థమవుతుంది. తయారుగా వచ్చిన జాబితా చదివేవాడికి లేని పేరు లేనట్టు కూడా తెలియదు.

ఇంటి పక్క చరిత్ర విషయంలోనూ అంతే. నల్లకుంటలో అందరూ ఫీవర్ ఆసుపత్రి అనీ, పాతవాళ్ళు కోరంటి దవాఖానా అనీ పిలిచే చోటు అసలు పేరులో సర్ రోనాల్డ్ రాస్ ఉన్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ప్రపంచమంతా ఆగస్టు 20ని దోమల దినంగా పాటిస్తుంది. ఆ వరుసను ఎక్కడినుంచో ఎత్తుకున్నవాడు అంతటితో ఆగుతాడు. నల్లకుంటలో కూర్చుని సొంతంగా రాసుకునేవాడు మాత్రం ఆ తేదీకి పక్కన తన వీధి చివరి ఆసుపత్రి గేటును కూడా చేరుస్తాడు.

ఇప్పుడు మళ్ళీ అలాంటి ప్రోగ్రామ్ రాయాలంటే పాత అడ్డంకులు చాలావరకు లేవు. తెలుగు ఏ తెర మీదైనా కనబడుతుంది. తిథి గణితం ల్యాప్‌టాప్‌కు చిటికెలో పని. కాబట్టి పుష్య బహుళ పంచమి వచ్చిన రోజునే త్యాగరాజు, ఆశ్వయుజ పౌర్ణమి వచ్చిన రోజునే కొమరం భీమ్ కనబడేలా రాయవచ్చు. హిజ్రీ, ఫసలీ తేదీలను కూడా అలాగే వాటి లెక్కలోనే ఉంచి పక్కన సమానమైన తేదీ చూపవచ్చు. ప్రతి వరుస చివర మూలం పేరు, చేర్చినవారి పేరు రాసే గడి ఒకటి తప్పనిసరి చేయాలి, అది ఖాళీగా ఉంటే ఆ వరుస కనబడకూడదు. చిక్కడపల్లి గ్రంథాలయంలో రోజూ కూర్చునేవాళ్ళలో పన్నెండుగురు తలా ఒక నెల తీసుకున్నా పని మొదలవుతుంది. సెప్టెంబరు తీసుకున్నవారికి మొదట్లోనే చేతినిండా పని. 1948లో నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 17న, ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు జనరల్ చౌధురికి లొంగిపోయింది 18న. హైదరాబాదు సంస్థానం కథ ముగిసిన రోజుగా ఏది పెట్టాలో, ఎందుకో, ఆ వరుస కింద తమ పేరుతో రాయాలి.